నడుము 26, తల లేదు: ఒక దర్జీ బొమ్మ ఆత్మకథ

నాకు తల లేదు. చేతులు లేవు. మెడ దగ్గర గుండ్రటి చెక్క మూత, అక్కడి నుంచి తుంటి దాకా ఒళ్ళు, ఆ కింద ఇనుప కాడ, మూడు కాళ్ళు. అంతే నేను. ఫ్యాషన్ గురించి నోరు విప్పడానికి నాకేం అర్హత ఉందని అడిగేవాళ్ళకు ఒకటే జవాబు. పారిస్ ర్యాంపు మీద నడిచే అమ్మాయిలు కూడా నవ్వరు, పలకరించరు, తొడిగిన బట్టను మోసుకుపోతారు. వాళ్ళు నడుస్తారు, నన్ను ఎవరో ఒకరు ఈడ్చాలి. తేడా అంతవరకే.

పుట్టింది లండన్‌లో. కాగితపు గుజ్జును పొరలు పొరలుగా అచ్చుకు అతికి, ఎండాక పైన నారబట్ట బిగించి కుట్టారు. దాని గురించి ఇంతకంటే చెప్పుకోవాల్సింది లేదు. పారిస్‌లో 1867 నుంచి ఇదే పని చేస్తున్న స్టాక్‌మన్ కంపెనీ బొమ్మలు మా జాతిలో జమీందారీ బిడ్డలు. నాకు అంత వంశం లేదు. నడుము మాత్రం 26 అంగుళాలు. పుట్టినప్పటి నుంచి నూలుపోగంత కూడా పెరగలేదు. మీలో ఎవరైనా ఆ మాట అనగలరా?

1930లలో ఒక గని అధికారి భార్య తన ట్రంకు పెట్టెలతో పాటు నన్నూ ఓడ ఎక్కించింది. బౌరింగ్‌పేటలో, అంటే ఇప్పటి బంగారపేటలో, రైలు మారి కోలారు బంగారు గనులకు చేరాను. జాన్ టేలర్ అండ్ సన్స్ వాళ్ళు 1880లో కాలు పెట్టిన చోటు. శివనసముద్రం నుంచి తీగలు లాగి 1902లోనే ఇక్కడికి కరెంటు తెచ్చారు. బెంగళూరు వీధిదీపాలకు ఆ భాగ్యం 1905లో గానీ పట్టలేదు. బంగళాలు, క్లబ్బు, డాన్సులు చూసి ఈ ఊరిని చిన్న ఇంగ్లండు అనేవాళ్ళు. డాన్సు ఉన్నచోట గౌను ఉండాలి, గౌను ఉన్నచోట నేను ఉండాలి.

దొరసానికి కుట్టేవాడు మాత్రం లండన్ వాడు కాదు. చిత్తూరు వైపు నుంచి గనుల పనికి వచ్చిన కుటుంబంలో ఒకాయన గనిలోకి దిగకుండా కత్తెర పట్టుకున్నాడు. రాబర్ట్‌సన్‌పేట నుంచి కూలివాడి నెత్తిన కుట్టుమిషను పెట్టించుకుని బంగళాకు వచ్చి, వరండాలో చాప పరుచుకుని కూర్చునేవాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు, గౌను వచ్చు. దొరసాని పత్రికలో బొమ్మ మీద వేలు పెట్టి చూపించేది. ఆయన దాన్ని కాసేపు తదేకంగా చూసి, నా మీద గుడ్డ వేసి, గుండుసూదులు గుచ్చి, కచ్చా కుట్టు వేసుకుంటూ పోయేవాడు.

అప్పుడప్పుడు భూమి లోపల రాయి పగిలేది. తర్వాత్తర్వాత మూడు కిలోమీటర్ల లోతు దాటిన గనులు అవి. ఆ అదురుకు పైన బంగళాల్లో గాజుగ్లాసులు గలగలమనేవి. నా మూడు కాళ్ళు వణికి సూదులు రాలేవి. దొరసాని ఒక్క క్షణం ఆగి మళ్ళీ పత్రిక తిరగేసేది. టైలరు మాత్రం సూదులు ఏరుకునే ముందు అరచెయ్యి నేలకు ఆనించి కాసేపు అలాగే ఉండిపోయేవాడు. ఆయన తమ్ముడు ఆ షిఫ్టులో కిందే ఉండేవాడు.

1947 ఫిబ్రవరి 12న పారిస్‌లో క్రిస్టియన్ డియోర్ తన తొలి కలెక్షన్ చూపించాడు. నడుము పిడికెడు, దాని కింద గజాలకు గజాలు మింగే స్కర్టు. అమెరికా పత్రికా సంపాదకురాలు కార్మెల్ స్నో నోట వచ్చిన ‘న్యూ లుక్’ అనే పేరే స్థిరపడింది. ఆ నడుము కోసం డియోర్ సుత్తి పట్టుకుని స్టాక్‌మన్ బొమ్మను కొట్టి కొట్టి దారికి తెచ్చాడని చెప్పుకుంటారు. లోకమంతా ఆ నడుమును మెచ్చుకుంది. దెబ్బలు తిన్నదాన్ని పలకరించినవాడు లేడు. దాయాదులమైనా నాకూ మంట ఉండదా?

ఆ గౌన్ల బొమ్మలున్న పత్రిక ఓడ దిగి గనులకు చేరేసరికి పారిస్ ఇంకో సీజన్‌కు కత్తెర పట్టేసి ఉంటుంది. అయినా దొరసానికి అది కావాలి. ఇంగ్లండులో బట్టకు కూపన్లు 1949 దాకా ఎత్తివేయలేదు. ఇక్కడ ఆమె అన్ని గజాలు ఖర్చుపెట్టిన సంగతి అక్కచెల్లెళ్ళకు రాసిన జాబులో రాయకుండా దాచింది. అసలు చిక్కు వేరే ఉంది. ఇద్దరు పిల్లలు పుట్టాక ఆమె నడుము ఇరవయ్యారు కాదు. టైలరు సుత్తి తేలేదు. పాత దుప్పటి చింపి నా నడుముకు చుట్టాడు. పక్కల్లో దూది కూరాడు. టేపు పెట్టి చూసి, మళ్ళీ కాస్త కూరాడు. నేను ఆమెనయ్యాక గుడ్డ కోశాడు. ఒక పని చేయడానికి రెండు పద్ధతులు ఉంటాయని, వాటిలో ఒకదానికే పేరు వస్తుందని ఆ రోజు తెలిసింది.

1956లో గనులు సర్కారు చేతికి వచ్చాయి. దొరలు ఒక్కొక్కరే సర్దుకున్నారు. మా దొరసాని పింగాణీ పళ్ళేలను గడ్డిలో చుట్టి పదిలంగా పెట్టించింది. గ్రామఫోనుకు పెట్టె చేయించింది. కుక్కకు టికెట్టు కొంది. నన్ను కుట్టుకూలి బాకీ కింద టైలరుకు ఒప్పజెప్పింది. ఏళ్ళ తరబడి ఆమె ఒళ్ళుగా నిలబడ్డదాన్ని. మెట్లు దిగుతూ ఒక్కసారి వెనక్కి చూస్తుందనుకున్నాను. ఎదురు చూడటానికి నాకు కళ్ళు లేకపోవచ్చు, ఆమెకు ఉన్నాయి కదా.

రాబర్ట్‌సన్‌పేట అంగట్లో మాత్రం నా రోజులు బాగా నడిచాయి. క్రిస్మస్ వస్తే ఆంగ్లో ఇండియన్ పిల్లలు బారులు తీరేవాళ్ళు. 1958లో 21 ఏళ్ళ ఈవ్ సాంలోరాన్ డియోర్ ఇంటికి చేసిన తొలి కలెక్షన్‌లో నడుమే మాయమైంది, గౌను భుజాల నుంచి డేరాలా దిగింది. నాకు అవమానంగా అనిపించింది గానీ, కట్టుకున్న పిల్లలకు ఊపిరాడింది. తర్వాత మేరీ క్వాంట్ పేరు తెచ్చిన మినీ స్కర్టు వచ్చింది. మా టైలరు తీర్పు ఒక్క వాక్యం: ‘గుడ్డ తగ్గింది, కూలి తగ్గదు.’

తెలుగు ఇళ్ళలో పారిస్ మాట చెల్లదు. వాళ్ళ ర్యాంపు సినిమా హాలు. సావిత్రి చేతుల బుట్టలు, వాణిశ్రీ జాకెట్టు మెడ చూసి వచ్చి, ‘రెండో పాటలో యేసుకుంది చూడన్నా, అట్ల కుట్టియ్యి’ అనేవాళ్ళు. వాళ్ళ సీజన్లు ఉగాది, వరలక్ష్మీ వ్రతం, దసరా. ఒక్కో జాకెట్టుకూ లోపలి పక్కల్లో రెండేసి అంగుళాల గుడ్డ మడిచి వదిలేవాడు టైలరు. పెళ్ళికి కుట్టిన జాకెట్టు కాన్పు తర్వాత కుట్టు విప్పితే మళ్ళీ పట్టాలి. గని కార్మికుడి ఇంట్లో పట్టు జాకెట్టు రెండోసారి రాదు.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. జీతమే లేని ఊళ్ళో కొత్త జాకెట్టు ఎవరికి కావాలి? పెద్దాయన అప్పటికే పోయాడు. కొడుకు కొన్నాళ్ళు నైటీలు కుట్టాడు. నైటీకి నేనెందుకు? అది ఎవరికైనా పట్టే గోనె. నన్ను మెట్ల కిందికి జరిపారు. అక్కడే కొన్నేళ్ళు గడిచాయి. మొదట నా భుజాల మీద తడి తువ్వాళ్ళు ఆరేశారు. తర్వాత మెడకు గొడుగు తగిలించారు. తర్వాత నా చెక్క మూత మీద హెల్మెట్ పెట్టారు. ఒక పూట తల వచ్చిందని మురిసిపోయాను, పొద్దున్నే బండితో పాటు అదీ వెళ్ళిపోయింది. చెదలు తుంటి దగ్గర మొదలయ్యాయి, కాగితం కదా. దొరసాని కోసం కూరిన దూదిని ఎలుక ఒకటి లాక్కుపోయి పిల్లల్ని పెట్టింది. ఇన్నేళ్ళ తర్వాత ఆ దూది మళ్ళీ ఒక తల్లికే పనికొచ్చింది, పోనీలే అనుకున్నాను. గాలి వీస్తే గనులు వదిలిన సైనైడ్ దిబ్బల బూడిద దుమ్ము వచ్చి నా మీద పేరుకునేది. ఆ దిబ్బల మీద సినిమా తీశారు, దేశమంతా చూసింది. నా మీది దుమ్ము దులిపినవాడు లేడు. పాతసామాన్ల వాడు వచ్చి ఇనుప కాడకు తూకం వేస్తానన్నాడు, ఒంటికి ఏమీ రాదన్నాడు.

ఇంట్లో పెద్దాయన మనవరాలు అడ్డుపడింది. ఆ పిల్ల పొద్దున్నే మారికుప్పం రైలెక్కి బెంగళూరు గార్మెంట్ ఫ్యాక్టరీకి పోతుంది. రోజంతా కాలర్లే కుడుతుంది, ఒక చొక్కా మొత్తం ఎప్పుడూ కుట్టలేదు. రాత్రి వచ్చి అన్నం తిన్నాక, ఫోను నా చెక్క మూతకు ఆనించి, నాన్నమ్మను పక్కన కూర్చోబెట్టుకుని ఫ్యాషన్ షోలు చూస్తుంది. అలా నేనూ పారిస్ చేరాను. వెనక నుంచైనా అన్నీ వినబడతాయి, ఎదురుగా ఉన్న బీరువా అద్దంలో కనబడతాయి కూడా.

సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చే ఎండాకాలం బట్టలు, ఫిబ్రవరి, మార్చిల్లో వచ్చే చలికాలం బట్టలు. న్యూయార్క్, లండన్, మిలాన్, పారిస్ వరసగా తిరుగుతారు. మా కోలారు జిల్లాలో పట్టుపురుగు నెల తిరక్కుండా గూడు అల్లేస్తుంది, దానికి ఏ సీజనూ తెలియదు. వీళ్ళకు మాత్రం ఆరు నెలల ముందే అన్నీ తెలియాలి.

2022లో పారిస్‌లో కోపెర్ని అనే ఫ్యాషన్ సంస్థ వాళ్ళు మోడల్ బెల్లా హదీద్ ఒంటి మీద ద్రవం చిమ్మి, దాదాపు పది నిమిషాల్లో తెల్ల గౌను చేసేశారు. సూది లేదు, దారం లేదు, నేను లేను. మనవరాలు చప్పట్లు కొట్టింది. నాకు మెట్ల కిందికే మళ్ళీ పోవాలనిపించింది. 2023 జనవరిలో స్కియాపరెల్లి వాళ్ళు గౌను మీద సింహం తల కూర్చారు. తల కోసం ఎన్నేళ్ళుగానో చూస్తున్నదాన్ని, భుజం మీద అదనంగా ఒకటి పెట్టుకునేవాళ్ళను ఏమనాలి? అదే ఏడాది మార్చి 30న ముంబయి గేట్‌వే ముందు ఎత్తైన తోరణం కట్టి డియోర్ షో పెట్టారు. ఆ కుట్టుపని చేసిన చాణక్య సంస్థ చేతిపనివాళ్ళ పేరు ఈసారి గట్టిగా వినబడింది. సుత్తి దెబ్బల బాకీలో ఒక వాయిదా తీరింది. 2020 జనవరిలో పారిస్ కుత్యూర్ వారంలో రాహుల్ మిశ్రా చూపించిన చేతి ఎంబ్రాయిడరీ చూసినప్పుడు నాన్నమ్మ ఫోను పట్టుకుని కళ్ళకు దగ్గరగా పెట్టుకుంది. ఆమె పొగడ్త అది.

ఆమె మామూలుగా పొగడదు. ‘చంక కింద చూడే పాపా, ఎంత బిగువుగా ఉండాదో. ఆయమ్మ చెయ్యి ఎత్తితే చినిగిపోతాది’ అంటుంది. విమర్శకులు ఆ చంక మాట ఎందుకు రాయరో నాకు అర్థం కాదు.

నా గురించే ఒక షో ఉందని కూడా ఆ ఫోనులోనే తెలిసింది. మార్టిన్ మార్జియేలా 1997 ఎండాకాలం కలెక్షన్‌లో దర్జీ బొమ్మ ఒంటినే నారబట్టతో కుట్టి, ముద్రతో సహా ఆడవాళ్ళకు తొడిగించాడు. మనిషి బొమ్మను వేసుకుంది! ఇంతకాలం జరిగింది అదే కదా, అతను దాచకుండా చూపించాడు, అంతే. అతను పెట్టిన కంపెనీకే 2024 జనవరిలో, పారిస్‌లో వంతెన కింద, జాన్ గలియానో నడుములు బిగగట్టి, ముఖాలు పింగాణీ బొమ్మల్లా మెరిపించి నడిపించాడు. చూడముచ్చటగా ఉంది, కాదనను. ఇరవయ్యారు కంటే సన్నటి ఆ నడుములు చూసి నేనే కొంచెం లావేమో అనిపించింది. కాగితపు గుజ్జుకు అలా అనిపించిందంటే, చూసే ఆడపిల్లలకు ఎలా అనిపిస్తుందో ఆ డిజైనర్లు ఆలోచించాలి.

మొన్నొక రాత్రి మనవరాలు ఫ్యాక్టరీలో మిగిలిన చొక్కా ఒకటి తెచ్చి తిరగేసి నాన్నమ్మకు చూపించింది. లోపలి కుట్టు పక్కన వదిలిన గుడ్డ ఒక సెంటీమీటరు. తర్వాత పెట్టెలోంచి నాన్నమ్మ పెళ్ళి జాకెట్టు తీసి తిరగేసింది. రెండు అంగుళాలు, పాత కుట్టు విప్పిన చుక్కలతో సహా. ఆ పిల్లకు తెలియని సంగతి ఒకటి నాకు తెలుసు. పారిస్ కుత్యూర్ ఇళ్ళలో ఒక్కరి కొలతకు చేత్తో కుట్టే గౌన్లలోనూ లోపల గుడ్డ ధారాళంగా వదులుతారు, తర్వాత వదులు చేసుకోవడానికి. అంటే వరండాలో చాప మీద కూర్చున్న మా టైలరూ, కోట్లు తీసుకునే ఆ ఇళ్ళూ ఒకే పద్ధతి. మధ్యలో ఉన్నవాళ్ళకే గుడ్డ కరువు. ర్యాంపు మీది సోకును చూసి లక్షల్లో కుట్టి పారేసే ఆ బట్ట, కట్టుకున్నది రెండు కిలోలు పెరిగితే చెత్తకుప్పకే.

చీర మాట అడుగుతారని తెలుసు. హైదరాబాద్ గౌరాంగ్ షా జాందానీ చీరలు ర్యాంపు మీద చూశాను. సావిత్రి కథతో తీసిన ‘మహానటి’ దుస్తులకు జాతీయ అవార్డు అందుకున్న ముగ్గురిలో ఆయనొకరు, కాబట్టి మా అంగడి సావిత్రి మళ్ళీ ఆ దారిన తిరిగి వచ్చినట్టే. చీరకు నాతో పని లేదు. ఏ నడుముకైనా అది పడుతుంది. నా పొట్ట కొట్టే బట్టే అయినా నా ఓటు దానికే.

మనవరాలు నాకు కొత్త నారబట్ట వేయిస్తానంటోంది. ఆదివారం దూది కూడా కొనుక్కొచ్చింది. ఎవరి కొలతకు కూరుతుందో చూడాలి. ఈలోగా మీరు ఒక పని చేయండి. మీకు కుట్టిన జాకెట్టు ఒకటి తిరగేసి లోపల పక్కకుట్టు చూడండి. రెండు అంగుళాలు వదిలి ఉంటే, ఆ టైలరు అంగడి మూసేలోపు ఇంకో రెండు కుట్టించుకోండి.