క్వార్టరుకో చరణం

దిల్‌సుఖ్‌నగర్‌కి కల్చర్ లేదట. కోచింగ్ సెంటర్లున్నాయి, హాస్టళ్లున్నాయి, చీరల షోరూములున్నాయి, గురువారం వస్తే సాయిబాబా గుడి ముందు ఇసకేస్తే రాలనంత జనం ఉంటారు. కల్చర్ ఒక్కటే లేదు. అది జూబ్లీహిల్స్‌లో పుట్టి, గచ్చిబౌలిలో పెరిగి, కోకాపేటలో కాపురం పెట్టింది గానీ మూసీ దాటి ఇటువైపు అడుగు పెట్టలేదట. ఈ మాట అంటున్నది మనమంటే గిట్టనివాళ్లు కాదు. ఇక్కడే పుట్టి పెరిగి, హయత్‌నగర్ అవతల నాలుగు వెంచర్లు వేసి, ఇప్పుడు ‘లైవ్ మ్యూజిక్’ బారు తెరుస్తున్న మన పెద్దమనుషులే.

‘‘జర పాట వినాలంటే మన పిల్లగాండ్లు జూబ్లీహిల్స్ దాకా పోవాల్నా అన్నా? మన సైడు ఏం తక్కువున్నది? చైతన్యపురిలనే చూపిస్త’’ అంటారు. వింటుంటే ఈయన త్యాగరాజ ఆరాధనకు పందిరి వేయిస్తున్నాడేమో అనిపిస్తుంది.

ఆ పందిరి ఎలా ఉంటుందంటే, మెట్రో పిల్లరుకు ఎదురుగా నాలుగంతస్తుల కాంప్లెక్సు. కింద మొబైల్ షాపు, మొదటి అంతస్తులో పళ్ల డాక్టరు, రెండో అంతస్తులో సాఫ్ట్‌వేర్ కోర్సులు నేర్పే ఇనిస్టిట్యూటు, మూడో అంతస్తులో కల్చర్. జావా నేర్చుకునే పిల్లలూ, పన్ను పీకించుకోవాల్సిన పెద్దలూ, కల్చర్ కోసం బయల్దేరినవాళ్లూ ఒకే లిఫ్టులో పైకెళ్తారు. దిగేటప్పుడు మాత్రం ఎవరు ఏ అంతస్తు నుంచి వస్తున్నారో ఇట్టే తెలిసిపోతుంది. లోపల కిటికీలకు నల్ల ఫిల్ము, పైన నీలం లైట్లు. కౌంటరుకింత, కిచెన్‌కింత, వీఐపీ క్యాబిన్లకింత అని కొలిచి ఇచ్చాక మిగిలిన జాగాను స్టేజీ అంటారు. అది ఎందుకో ఎప్పుడూ బాత్‌రూము తలుపు పక్కనే మిగులుతుంది. పల్లవి మొదలయ్యేసరికి ఇద్దరు గాయకుణ్ని దాటుకుంటూ లోపలికి పోతారు, చరణం అయ్యేసరికి చేతులు దులుపుకుంటూ బయటికొస్తారు. వాళ్లకు దారివ్వడానికి మైకు స్టాండు పక్కకు జరపడం కూడా గాత్ర సాధనలో భాగమే.

గాయకుడంటే హాస్టల్లో ఉండి టీవీ పాటల పోటీల ఆడిషన్ల చుట్టూ తిరిగే కుర్రాడు. చేతిలో గిటారు. మిగతా ఆర్కెస్ట్రా అంతా ల్యాప్‌టాప్‌లో ఉంటుంది. తబలా అందులోనే, వయొలిన్లు అందులోనే, కోరసూ అందులోనే. ఆ ల్యాప్‌టాప్‌లో చార్జింగు అయిపోతే లైవ్‌గా మిగిలేది సిగరెట్ పొగకు అతను దగ్గే దగ్గు ఒక్కటే. ఎదురుగా గోడంత తెర మీద క్రికెట్ మ్యాచి నడుస్తుంటుంది. సిక్సు పడగానే బారంతా చప్పట్లు. పిల్లాడు అవి తన గమకానికే అనుకుని వంగి దండం పెడతాడు. అతన్ని తప్పు పట్టను. ఆ రాత్రికి అతనికి దక్కే గౌరవం అంతే, అదీ బ్యాటు పట్టుకున్నవాడు పెట్టిన భిక్ష.

బిల్లు చూడండి. బీరుకు రేటుంది, చికెన్ మెజెస్టిక్‌కు రేటుంది, మసాలా పల్లీలకు సైతం బయట కిలో వచ్చేంత రేటుంది. పాటకు లేదు. ఓనరు గారు అదే గొప్పగా చెప్తారు: ‘‘మ్యూజిక్ ఫ్రీ అన్నా, మనం దానికి పైసల్ తీసుకోం.’’ అంటే అడక్కుండా తెచ్చి పెట్టే ఉల్లిపాయ చక్రాలూ నిమ్మకాయ ముక్కా ఏ వరసలో ఉన్నాయో పాటా ఆ వరసలోనే ఉంది. కాకపోతే ఉల్లిపాయను ఎవరో ఒకరు తింటారు.

పాట ఫ్రీ అన్నది ఆయన అభిప్రాయం. 1957 నాటి కాపీరైటు చట్టం అభిప్రాయం వేరు. వ్యాపారం చేసేచోట సినిమా పాట పాడిస్తే రాసినవాడికీ బాణీ కట్టినవాడికీ వాటా వెళ్లాలి. ఆ వాటా వసూలు చేయడానికి 1969 నుంచీ ఐపీఆర్ఎస్ అనే సొసైటీ ఉంది. 2012లో చట్టం సవరించి ఆ హక్కును ఇంకాస్త గట్టిగా బిగించారు. ఈ కబురు మన పెద్దమనిషికి చెప్తే ‘‘ఘంటసాల ఇప్పుడు వచ్చి అడుగుతడా?’’ అంటాడు. ఘంటసాల రాడు, నిజమే. కానీ 2017లో అమెరికాలో కచేరీలు చేస్తున్న ఎస్పీ బాలసుబ్రహ్మణ్యానికే ఇళయరాజా లీగల్ నోటీసు పంపారు, తన పాటలు అనుమతి లేకుండా పాడొద్దని. ఆ పాటలకు గొంతిచ్చినవాడికే ఆ గతి పట్టింది. మరి కొత్తపేట బారులో రోజూ రాత్రి ఇళయరాజాను పాడుతున్న కుర్రాడికి నోటీసెందుకు రాలేదంటే, అతను పాడుతున్నది ఏ పాటో ఇళయరాజా వచ్చి కూర్చున్నా గుర్తుపట్టే అవకాశం లేదు.

పాట సంగతి అటుంచి మందు సంగతి చూద్దాం, అక్కడ అన్నీ పద్ధతిగా ఉంటాయి. రాష్ట్రంలో తయారైనా, సముద్రాలు దాటొచ్చినా, ప్రతి సీసా బేవరేజెస్ కార్పొరేషన్ డిపో నుంచే రావాలి. ప్రతి మూత మీదా హోలోగ్రాం లేబులు ఉండాలి. బారు లైసెన్సుకు ఏటా కట్టే ఫీజు పదుల లక్షల్లో ఉంటుంది. ఇక వైన్‌షాపులకున్న గిరాకీ చూస్తే ఐఐటీ సీట్లు సిగ్గుపడాలి. 2023లో రాష్ట్రంలోని 2,620 షాపులకు లాటరీ పెడితే లక్షా ముప్పై వేలకు పైగా దరఖాస్తులొచ్చాయి. ఒక్కోదానికి 2 లక్షలు, తగిలినా తగలకపోయినా వాపసివ్వరు. ఎల్బీనగర్ చుట్టుపక్కల షాపులు వచ్చే సరూర్‌నగర్ ఎక్సైజ్ పరిధి ఒక్కదాంట్లోనే 10,000 పైచిలుకు దరఖాస్తులు. లెక్కేసుకోండి: ఒక్క సీసా మూత తిరగకముందే మా వైపు నుంచి ఖజానాకు 200 కోట్లకు పైగా చేరాయి. ఆ ఏడాది సరూర్‌నగర్ చెరువు ఎండిపోయినా ప్రభుత్వం దిగులుపడేది కాదు. రెండేళ్ల తర్వాత ఫీజు 3 లక్షలు చేశారు. మళ్లీ కట్టారు. కల్చర్ లేని ఏరియా ఇది.

మందుకు అడ్డొస్తే రోడ్లయినా పక్కకు జరుగుతాయి. జాతీయ రహదారికి 500 మీటర్ల లోపల మద్యం అమ్మొద్దని సుప్రీంకోర్టు 2016 డిసెంబరులో అంది. ఎల్బీనగర్ చౌరస్తా విజయవాడ హైవే మీదే ఉంది కదా, ఇక్కడివాళ్లకు గుండె గుభేల్‌మంది. ఎనిమిది నెలలు తిరక్కుండానే, మున్సిపల్ పరిధిలోని హైవేలకు ఆ నిబంధన వర్తించదని 2017 జులైలో అదే కోర్టు స్పష్టం చేసింది. మున్సిపల్ హద్దు లోపల తాగి బండి నడిపేవాడికి రోడ్డు తిన్నగా కనిపిస్తుందని మనం అర్థం చేసుకోవాలి.

పాటకు అలాంటి బంధువులు ఎవరూ లేరు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 దాటితే బయటికి వినబడేలా మైకు మోగకూడదు, ఇళ్లుండే చోట రాత్రి శబ్దం 45 డెసిబెల్స్ మించకూడదు. బారుకు మాత్రం అర్ధరాత్రి దాకా పర్మిషన్, శుక్ర శనివారాలు ఇంకో గంట. అంటే పదింటికి పాట ఇంటికెళ్లిపోవాలి, మందు ఉండొచ్చు. నాలుగు గోడల మధ్య అయితే మినహాయింపుందంటారు గానీ, ఆ నాలుగు గోడల మధ్య శబ్దాన్ని ఆపే ఏర్పాటు చేయించిన పుణ్యాత్ముణ్ని మా వైపు నేనింకా చూడలేదు. ఆ డబ్బుతో ఇంకో వీఐపీ క్యాబిన్ వస్తుంది మరి. జూబ్లీహిల్స్ కాలనీవాసులు కోర్టుకెక్కితే రాత్రి 10 తర్వాత పబ్బుల్లో మ్యూజిక్ వద్దని 2022లో హైకోర్టు అంది. ఆ తర్వాత ఆ ఆదేశం జూబ్లీహిల్స్‌లోని కొన్ని పబ్బుల వరకే కుదించుకుపోయింది. పాటలాగే పాట నుంచి రక్షణ కూడా ముందు జూబ్లీహిల్స్‌కే అందింది. చైతన్యపురి గల్లీలో గ్రూప్స్‌కు చదువుకునే పిల్ల కిటికీ మూసుకుంటుంది. ఆ కిటికీ అవతల ఫంక్షన్ హాలు నుంచి బయల్దేరిన బరాత్ డీజే పదకొండున్నరకు తీన్‌మార్ కొడుతుంటుంది. దానికి డెసిబెల్ మీటరు పట్టుకుని ఎదురెళ్లే ధైర్యం ఎవరికుంటుంది? పెళ్లికొడుకు బావమరిది ఏ పార్టీవాడో!

ఇంతకూ ‘లైవ్ బ్యాండ్’ అన్న మాట ఈ ఏరియాలో కొత్తేం కాదు. జిల్లా టాబ్లాయిడ్ చదివేవాళ్లకు బాగా తెలుసు. అది సంగీతం పేజీలో రాదు, నేరాల పేజీలో వస్తుంది. బారుపై దాడి, ఇంతమంది యువతులు అదుపులో, మేనేజరు అరెస్టు, యజమాని పరారీ. ఫొటోలో చున్నీలు ముఖాలకు కప్పుకున్న ఆడపిల్లలు. డ్యాన్సు చేయమన్నవాడూ, నోట్లు విసిరినవాడూ ఫొటోలో ఉండరు. యజమాని ఎటు పరారయ్యాడో ఏ రోజూ వార్త రాదు. మూడు నెలలకు అదే కాంప్లెక్సులో అదే అంతస్తులో కొత్త పేరుతో రిబ్బను కత్తిరిస్తారు, ఈసారి బోర్డు మీద ‘ఫ్యామిలీ’ అన్న మాట కూడా చేరుతుంది.

పొరుగు రాష్ట్రాలూ తక్కువ తినలేదు. బెంగళూరులో లైవ్ బ్యాండుకు పోలీసు లైసెన్సు ఉండి తీరాలన్న 2005 ఉత్తర్వు సరైందేనని 2018లో సుప్రీంకోర్టు దాకా వెళ్లి తేల్చుకున్నారు. మహారాష్ట్రలో ఇంకా విచిత్రం. ఆర్కెస్ట్రా బారు స్టేజీ మీద నలుగురు ఆడవాళ్లు, నలుగురు మగవాళ్లు మాత్రమే ఉండాలని లైసెన్సులో రాశారు. ఐదో అమ్మాయి పాడితే నేరం, నాలుగో అమ్మాయి పాడితే కళ. ఆ లెక్క చెల్లదని 2022లో కోర్టు కొట్టేసింది. అంతకుముందు 2019లో డ్యాన్స్ బార్ల కేసులో, టిప్పు ఇవ్వొచ్చు గానీ నోట్లు చల్లకూడదని తీర్పు. దేశ అత్యున్నత న్యాయస్థానం నోటును చేతికివ్వడానికీ చల్లడానికీ తేడా చెప్పాల్సి వచ్చిందంటే, మన రసికుల స్థాయి ఎంతటిదో గమనించండి.

అదే బ్రిటన్‌లో 2012లో ఏం చేశారంటే, చిన్న పబ్బుల్లో రాత్రి 11 వరకు పాడుకోవడానికి ప్రత్యేకంగా లైసెన్సు అక్కర్లేదని ఏకంగా చట్టమే తెచ్చారు, పేరు కూడా లైవ్ మ్యూజిక్ యాక్ట్. ఎందుకంటే అక్కడ పాడేవాడు తగ్గిపోతున్నాడని దిగులుపడ్డారు. మనకా దిగులు లేదు. మనకు తాగేవాడు తగ్గితేనే దిగులు, బడ్జెట్ ఊగుతుంది.

మన పెద్దమనిషికి తెలియని సంగతి ఇంకోటుంది. లైవ్ మ్యూజిక్ ఉన్న బారు ఈ ఏరియాలో ఎప్పటినుంచో ఉంది. దాని పేరు పర్మిట్ రూము. వైన్‌షాపు పక్క రేకుల కింద, ప్లాస్టిక్ గ్లాసుల మధ్య, గుడాలూ ఉడకబెట్టిన గుడ్లూ ముందేసుకుని, నైంటీ తర్వాత దేవదాసు పాట ఎత్తుకునే రిటైర్డ్ హెడ్‌క్లర్కు ఒకాయన ప్రతి పర్మిట్ రూములోనూ ఉంటాడు. శ్రుతి తప్పుతాడు, సాహిత్యం తప్పడు. ఆయన రెండో చరణం మరిచిపోతే పక్క బల్లవాడు అందిస్తాడు, అతనెవరో ఈయనకు తెలియదు. కల్లు కాంపౌండులో అయితే డప్పు కూడా ఉండేది. 2004లో హైదరాబాద్‌లో కాంపౌండ్లు మూయించి, 2014లో మళ్లీ తెరిచారు. పదేళ్లు మూతపడినా పాటలు మరిచిపోలేదు జనం. అక్కడ ఎవరూ తెర మీద మ్యాచి చూడరు, పాడేవాణ్ని చూస్తారు. నీలం లైటు లేకపోవడం వల్ల అది కల్చర్ కిందికి రాదు.

నిజంగానే మంచి కచేరీ వినాలని బుద్ధి పుడితే దిల్‌సుఖ్‌నగర్‌వాడు ఏం చేస్తాడంటే, మెట్రో ఎక్కి ఎంజీబీఎస్‌లో లైను మారి చిక్కడపల్లిలో దిగి త్యాగరాయ గానసభకు పోతాడు. అక్కడ సినీ సంగీత విభావరిలో పాటకు ముందు మూడు ఉపన్యాసాలూ నాలుగు శాలువాలూ భరించాలి. అయినా వెళ్తాడు, కుర్చీలో నిటారుగా కూర్చుని వింటాడు, ఎక్కడ గొంతు జారిందో తిరుగు మెట్రోలో చర్చిస్తాడు. ఇలాంటి శ్రోతకు బాత్‌రూము పక్కన ల్యాప్‌టాప్ వినిపించి ‘మీకు కల్చర్ నేర్పుతున్నాం’ అనడానికి ఎంత గుండె ఉండాలి!

అందుకని నాదొక విన్నపం. పాటను ఇలా అనాథలా వదిలేయకుండా బేవరేజెస్ కార్పొరేషన్ చేతిలో పెట్టాలి. గాయకులు కూడా డిపో నుంచే సరఫరా కావాలి. ప్రతి గాయకుడి గొంతు మీదా హోలోగ్రాం, సీలు చెదిరితే తీసుకోవద్దని బోర్డు. ఎమ్మార్పీ ఉండాలి: నైంటీకి పల్లవి, క్వార్టరుకో చరణం, ఫుల్ బాటిల్ తీసుకున్నవాడికి రాగమాలిక. ఘంటసాల పాటలు ప్రీమియం బ్రాండు, నిన్నమొన్నటి ఐటమ్ సాంగులు చీప్ లిక్కరు. కల్తీ పాటలు, అంటే ల్యాప్‌టాప్‌వి, దొరికితే కేసు. రేవతి రాగంలో నీళ్లు కలిపినవాడి లైసెన్సు రద్దు. రెండేళ్లకోసారి లాటరీ తీయాలి. గౌడ్‌లకు, ఎస్సీ ఎస్టీలకు షాపుల్లో ఉన్నట్టే ఇందులోనూ రిజర్వేషన్ ఉండాలి, హాస్టల్లో ఉండి పాడే పిల్లలకు కూడా కాస్త. దరఖాస్తు ఫీజు 3 లక్షలు, వాపసు లేదు.

నోటిఫికేషన్ పడిన రోజు సరూర్‌నగర్ ఎక్సైజ్ ఆఫీసు ముందు క్యూ ఎల్బీనగర్ చౌరస్తా దాకా ఉంటుందని నాది పూచీ. అందులో మొదట నిలబడేది మన పెద్దమనిషే. పాట రాకపోయినా పర్వాలేదా అని అడిగితే ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది: ‘‘మందు తయారు చేసుడు నాకొస్తదా అన్నా? అమ్ముతలేనా?’’