జెండా వెనకాల టస్కనీ

సాన్ జిమిన్యానో అనే ఊళ్లో ఒకప్పుడు 72 గోపురాలుండేవట. పక్కింటివాడికంటే ఎత్తుగా లేపాలని డబ్బున్న కుటుంబాలు పంతానికి కట్టినవి. ఇప్పుడు మిగిలినవి పద్నాలుగో ఎన్నో. గుంపు టూరుకి అవీ ఎక్కువే! గైడమ్మ జెండా ఊపి ‘నలభై నిమిషాలు, బాత్రూముతో కలిపి’ అంటుంది. సగం ఆ క్యూకి, సగం జెలాటో క్యూకి సరి. గోపురాలు ఫొటోల్లో వెనకాల పడతాయి లెండి.

పీసా గోపురం పడిపోకుండా ఇంజినీర్లు 1990లో తలుపులు మూసి, 2001 దాకా తంటాలు పడ్డారు. పాపం, వాళ్లకు తెలీదు. పచ్చికలో వరసగా నిలబడి, గాల్లోకి అరచేతులు చాపిన టూరిస్టులు ఆ పని రోజూ ఉచితంగానే చేస్తున్నారు.

ఇక టూరు కరపత్రంలోని ‘పల్లెసీమల విహారం’ అంటారా? అది బస్సు అద్దంలోంచి. అదీ కిటికీ సీటు దొరికినవాళ్లకి.