పిలిచినవాళ్లకు పని చెప్పండి

బిడ్డ మొదటి పుట్టినరోజో, గృహప్రవేశమో, సీమంతమో దగ్గర పడి, చేతిలో డబ్బు తక్కువుందని తెలిస్తే చాలు, చుట్టుపక్కల వాళ్లంతా ఒకే రకం సలహాలు చెబుతారు. ఫంక్షన్ హాలు మానేసి అపార్ట్‌మెంటు టెర్రస్ మీద షామియానా వేయించమంటారు. బంతిపూల బదులు ప్లాస్టిక్ దండలు కట్టమంటారు. ప్లేటుకు ఇరవయ్యో ముప్ఫయ్యో తగ్గించే కేటరింగ్ వాణ్ని వెతకమంటారు. రిటర్న్ గిఫ్టులు బేగంబజారులో హోల్‌సేల్‌గా తెచ్చుకోమంటారు. ఈ సలహాలన్నిటి వెనకా ఉన్న కోరిక ఒక్కటే. ఖర్చు తక్కువైనా ఘనంగా కనబడాలి. ఆ కోరికే అసలు ఖర్చు. డబ్బున్నవాళ్ల పార్టీకి నకలు తీస్తే సగం డబ్బన్నా అవుతుంది, పైగా అది నకలని వచ్చినవాళ్లందరికీ తెలిసిపోతుంది.

నేను చెప్పేవి దీనికి ఎదురు సలహాలు. వింటే మొండిగా, మర్యాద తెలియనట్టుగా ఉంటాయి. ఇంట్లో పెద్దవాళ్లు “నలుగురూ ఏమనుకుంటారు?” అని అడ్డం పడతారు. అయినా ప్రతి మాటా నమ్మే చెబుతున్నాను. డబ్బు తక్కువున్న ఇంట్లో వేడుక బాగా జరగాలంటే చవక సరుకు కోసం తిరగడం మానేసి, సరుకునే తగ్గించుకోవాలి. మిగిలిన పనిని వచ్చినవాళ్లతో పంచుకోవాలి.

1. అతిథుల్ని ఖాళీగా కూర్చోనివ్వకండి

కుర్చీలో కూర్చున్న అతిథికి ఏదో ఒకటి అందిస్తూనే ఉండాలి. ముందు జ్యూసు, ఆ తర్వాత స్టార్టర్లు, మధ్యలో పాటలు, యాంకరు. బడ్జెట్‌లో చాలా భాగం ఊరికే కూర్చున్నవాళ్లకు పొద్దు పుచ్చడానికే పోతుంది. అందుకని పిలిచేటప్పుడే పని చెప్పండి. “వదినా, నువ్వో గంట ముందు రావాలి, గుమ్మానికి మామిడాకులు నువ్వే కట్టాలి.” “బాబాయ్, కాఫీ సంగతి నువ్వే చూసుకోవాలి.” వంట బాగా వచ్చిన పిన్నికి పోపు, గొంతు బాగున్న అత్తయ్యకు మంగళహారతి, కాలేజీ కుర్రాళ్లకు కుర్చీలు, మంచినీళ్లు. పక్క ఫ్లాటులోకి కొత్తగా వచ్చినావిడకు తప్పకుండా ఏదో ఒక పని అప్పగించండి. చేతిలో పనుంటే తెలియని ఇంట్లో కూడా బిడియం పోతుంది.

మన పండుగలు నడిచేది ఈ పద్ధతిలోనే. కార్తీక మాసంలో వనభోజనాలకు వెళ్తే ఉసిరి చెట్టు కింద కూరలు తరిగేదీ వడ్డించేదీ వెళ్లినవాళ్లే. తెలంగాణలో తంగేడు, గునుగు, బంతి పూలు తెచ్చి బతుకమ్మను ఇంటింటా పేర్చుకుంటారు. తొమ్మిదో రోజు సద్దుల బతుకమ్మ నాడు ఎవరింట్లో చేసిన సద్దులు వాళ్లు తెచ్చుకుంటారు. పులిహోర, పెరుగు సద్ది, కొబ్బరి సద్ది, నువ్వుల సద్ది, ఆట అయిపోయాక ఒకరికొకరు పంచుకుంటారు. 2014లో రాష్ట్ర పండుగ అయిన బతుకమ్మ అంతకు ఎన్నో తరాల ముందు నుంచీ ఇలాగే జరుగుతోంది. అందులో వడ్డించే ఇల్లు, తినే ఇల్లు అని రెండు లేవు. మీ ఇంటి వేడుకలోనూ ఉండక్కర్లేదు.

2. భోజనాల వేళకు పిలవకండి

మధ్యాహ్నం పన్నెండున్నరకో రాత్రి ఎనిమిదింటికో పిలిస్తే అన్నం, పప్పు, రెండు కూరలు, వేపుడు, సాంబారు, పెరుగు, రెండు స్వీట్లు లేకుండా కుదరదు. సాయంత్రం నాలుగింటికి పిలవండి. పిలుపులోనే “టిఫిను, కాఫీ” అని స్పష్టంగా చెప్పండి. “ఆరున్నరకల్లా అయిపోతుంది” అని కూడా చెప్పండి. మొహమాటానికి ఈ మాట దాచారంటే, వచ్చినవాళ్లు భోజనం కోసం ఎదురుచూస్తారు, మీరు వంటింట్లో కంగారుపడతారు.

మూడు వంటకాలు చాలు. పులిహోర, సెనగ గుగ్గిళ్లు, ఒక స్వీటు. కిలో బియ్యం వండితే దాదాపు మూడు కిలోల అన్నం అవుతుంది. మనిషికి పావు కిలో చొప్పున 12 మందికి వస్తుంది. 36 మందికి మూడు కిలోల బియ్యం. కిలో ఎండు సెనగలు రాత్రంతా నానితే రెండింతల బరువుకు వస్తాయి, మనిషికి వంద గ్రాముల చొప్పున 20 మందికి సరిపోతాయి. ఈ లెక్క కాగితం మీద వేసుకున్నాకే సరుకులు కొనండి. చింతపండు పులుసు ముందు రోజే ఉడికించి పెట్టుకోవచ్చు, సెనగలూ ముందు రాత్రే నానతాయి కాబట్టి ఆ రోజు మిగిలేది అన్నం వండి కలపడం, సెనగలు ఉడికించడం, పోపు వేయడం. కొబ్బరి పచ్చడి జోలికి మాత్రం పోకండి. ఎండాకాలంలో అది సాయంత్రం దాకా నిలవదు.

3. గిన్నె ఖాళీ అవనివ్వండి

“చాలకపోతే పరువు పోతుంది” అన్న భయంతో మన ఇళ్లలో ముప్ఫై మందికి యాభై మంది వంట చేస్తారు. మర్నాడు మిగిలినదాన్ని పనిమనిషికీ వాచ్‌మన్‌కూ ఇచ్చి, అది దానమనుకుంటారు. వాళ్లకు పెట్టాలనుంటే వేడుక రోజునే పిలిచి, అందరితో పాటు వేడిగా పెట్టండి. లెక్క ప్రకారం వండండి. ఆఖరి మనిషి తినేసరికి గిన్నె అడుగు కనబడితే, వంట బాగుందని అర్థం. అనుకోకుండా పదిమంది ఎక్కువొస్తే ఎలా అంటారా? రెండు కిలోల అటుకులు, నాలుగు నిమ్మకాయలు, ఒక అరటిపళ్ల అత్తం ఇంట్లో ఉంచుకోండి. అటుకుల పులిహోర పావుగంటలో తయారవుతుంది. వాడకపోతే ఆ అటుకులు నెలంతా టిఫినుకు పనికొస్తాయి. ఎక్కువ వండిన బిర్యానీ ఎందుకూ పనికిరాదు.

4. గోడకు ఏమీ అంటించకండి

బెలూన్ల తోరణం, పేరు రాసిన ఫ్లెక్సీ, మెరుపుల తెర: వీటి ఆయుష్షు ఫొటో తీసేంత వరకే. అలంకారం గుమ్మం దగ్గరా నేల మీదా చేయండి. బియ్యప్పిండితో పెద్ద ముగ్గు, అందులో బంతిపూల రేకులు, గుమ్మానికి మామిడాకులు. హైదరాబాదులో ఉన్నవాళ్లు గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కు పొద్దున్నే వెళ్లి పూలు విడిగా తెచ్చుకుని, దండలు వచ్చినవాళ్ల చేత కట్టించండి. శ్రావణ శుక్రవారాలూ దసరా రోజులూ వస్తే పూల ధర మండిపోతుంది. తేదీ మీ చేతిలో ఉంటే ఆ వారం తప్పించండి.

5. పిల్లలకు మనిషిని పెట్టకండి

పిల్లల్ని ఆడించడానికి మెజీషియన్‌నో గేమ్స్ యాంకర్‌నో పెడితే, పిల్లలు వరసగా కూర్చుని చూస్తారు. సుద్దముక్కతో నేల మీద ఐదైదు గళ్ల అష్టాచెమ్మా పటం గీయండి. నాలుగు గవ్వలు ఇవ్వండి. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగూ బోర్లా పడితే అష్టా అని ఒక తాతయ్యకో నాయనమ్మకో చెప్పే పని అప్పగించండి. ఇంట్లో వామనగుంటల పీట ఉంటే 14 గుంటల్లోకి చింతపిక్కలు పోయండి. ఆరుబయట చోటుంటే ఏడు పెంకులాటకు ఒక బంతి, ఏడు పెంకులు చాలు.

ఐదేళ్లలోపు పిల్లలకైతే మన దగ్గర భోగిపళ్లను మించిన వేడుక లేదు. రేగిపళ్లు, చెరకు ముక్కలు, బంతిపూల రేకులు, నానిన సెనగలు, కాస్త చిల్లర కలిపి బిడ్డ తల మీద పోస్తారు. కింద పడ్డ చిల్లర కోసం మిగతా పిల్లలు ఎగబడతారు. కేకు లేదు, గిఫ్టు లేదు. పిల్లల పుట్టినరోజు జనవరికి దగ్గర్లో ఉంటే వేరే పార్టీ మానేసి భోగినాడే నలుగుర్నీ పిలవండి.

6. రిటర్న్ గిఫ్టు మానేయండి, రవిక గుడ్డ దాటించండి

చవక ప్లాస్టిక్ డబ్బా, పేరు చెక్కిన చిన్న స్టీలు గిన్నె: ఇవి ప్రతి ఇంటి అటక మీదా పేరుకుపోయి ఉన్నాయి. తీసుకున్నవాళ్లకు అవసరం లేదు, ఇచ్చినవాళ్లకు తృప్తి లేదు. పేరంటంలో ఇచ్చే తాంబూలమే ఇవ్వండి. రెండు ఆకులు, వక్క, అరటిపండు, పసుపు కుంకుమలు, గుప్పెడు నానిన సెనగలు. శ్రావణ మాసపు నోముల్లో ఇచ్చేది అదే, ఎవరూ తక్కువగా చూడలేదు.

రవిక గుడ్డ సంగతి వేరుగా చెప్పాలి. వచ్చిన రవిక గుడ్డను ఇంకొకరికి ఇస్తే చిన్నతనమని కొందరు సిగ్గుపడతారు. సిగ్గేమీ లేదు. మంచి రంగున్నదాన్ని కుట్టించుకోండి, మిగిలినవాటిని వచ్చే పేరంటానికి వాడండి. ఎవరిచ్చారో చిన్న చీటీ పెట్టుకోండి, ఆవిడకే తిరిగి వెళ్లకుండా చూసుకోండి. పదిళ్లు తిరిగే గుడ్డ బీరువాలో మగ్గేదానికంటే మేలు.

7. అరిగిపోయేదో తినేసేదో చేసి ఇవ్వండి

ఇంట్లో చేసిన బహుమతి చవక అనుకోవడం సగం అబద్ధం. కొవ్వొత్తులకు మైనం, అచ్చులు, సువాసన నూనె కొనాలి. సబ్బు చేయాలంటే కాస్టిక్ సోడాతో పని, పైగా నాలుగు నుంచి ఆరు వారాలు ఆరబెట్టాలి. రెజిన్ పనికి చేతి తొడుగులు, గాలి తగిలే గది కావాలి. కొన్న సామానులో చాలా భాగం రెండోసారి వాడకుండా మిగిలిపోతుంది. మీరు మళ్లీ మళ్లీ చేయని పనికి సామాను కొనకండి.

సున్నుండలు చేయండి. కిలో మినప్పప్పు దోరగా వేయించి పిండి పట్టి, ముప్పావు కిలో బెల్లం, 400 గ్రాముల నెయ్యి కలిపితే రెండు కిలోల పైచిలుకు అవుతుంది. 40 గ్రాముల ఉండలు యాభైకి పైగా వస్తాయి, అంటే ఐదేసి చొప్పున పది ఇళ్లకు. నెయ్యి తగ్గించకండి, ఇళ్లే తగ్గించుకోండి. కందిపొడి, కరివేపాకు పొడి అయితే ఇంకా తేలిక. ఖాళీ అయిన హార్లిక్స్ సీసాలు వేడినీళ్లతో కడిగి పూర్తిగా ఎండలో ఆరనివ్వండి, తేమ ఉంటే పొడికి బూజు పడుతుంది. సీసా మీద చేసిన తేదీ, ఎన్నాళ్లలో వాడాలో, అందులో ఏమేం వేశారో రాయండి. వేరుశెనగ, నువ్వులు పడనివాళ్లుంటారు. ఇక రంగు కాగితం చుట్టకండి. సీసా కనబడాలి, మీ చేతిరాత కనబడాలి.

ఆవకాయ మాత్రం బహుమతి కోసమని పెట్టకండి. ఎండాకాలంలో ఇంటికోసం పెట్టిన జాడీలోంచే తీసివ్వండి. మీరు తినేదే ఇచ్చారని తెలిసినప్పుడే దానికి విలువ.

8. పాత బట్టలు ఇవ్వండి

పుట్టబోయే బిడ్డకు కొత్త బట్టలు చాలామంది తెస్తారు. మీరు బొంత కుట్టి ఇవ్వండి. మెత్తబడిన నూలు చీరలు ఉతికి ఎండబెట్టి, జరీ అంచు పూర్తిగా కత్తిరించేయండి, అది పసిబిడ్డ ఒంటికి గీసుకుంటుంది. నాలుగైదు పొరలు వేసి, చుట్టూ మడిచి, దగ్గర దగ్గరగా వరస కుట్లు వేయండి. రోజూ ఓ గంట కూర్చుంటే సీమంతం నుంచి పురుడు వచ్చేలోపు హాయిగా అయిపోతుంది. బిడ్డ అమ్మమ్మ చీర దొరికితే ఒక పొర అదే వేయండి. దుకాణంలో ఎంత డబ్బు పెట్టినా ఆ గుడ్డ దొరకదు. గృహప్రవేశానికైతే మీ పెరట్లోని మందార కొమ్మ వానాకాలంలో ఏటవాలుగా కోసి, మట్టిలో గుచ్చి, వేరు పట్టి చిగురేసిన తర్వాత డబ్బాతో సహా ఇవ్వండి.

9. చదివింపుల పుస్తకం తెరవకండి

ఎవరెంత చదివించారో రాసుకుని, వాళ్లింటి వేడుకకు అంతకు తగ్గకుండా ఇవ్వడం చాలా ఇళ్లలో ఉన్న అలవాటు. రాయడం మొదలుపెట్టిన క్షణం నుంచీ అది బాకీ. చేతిలో డబ్బులేని చుట్టం ఆ పుస్తకానికి భయపడే జ్వరమనో ప్రయాణమనో చెప్పి రావడం మానేస్తాడు. పిలిచేటప్పుడే “కవరు తేవద్దు, ఓ గంట ముందు వచ్చి సాయం చెయ్యి” అనండి. ఆ మాటతో ఆయనకు దారి తెరుచుకుంటుంది, మీకూ ఒక చెయ్యి దొరుకుతుంది.

అప్పు చేసి జరిపిన పుట్టినరోజు తర్వాతి ఏటి పుట్టినరోజు దాకా వాయిదాల్లో వెంటాడుతుంది. ముగ్గు, పులిహోర, గవ్వలు, తాంబూలం ఉన్న వేడుక ఆ సాయంత్రమే తీరిపోతుంది, ఎవరికీ ఏమీ బాకీ ఉండదు. కాబట్టి మీ ఇంట్లో వచ్చే వేడుకకు పిలుపుల జాబితా రాసేటప్పుడు, ఏమీ తేలేని మనిషి పేరు అన్నిటికంటే పైన రాయండి. మొదటి ఫోను ఆ మనిషికే చేయండి.