పొగడ్తకు లొంగని అధ్యక్షులు

జాన్ ఆడమ్స్ మహాశయా! మాటకు మీరిచ్చిన విలువ అమెరికాలో మరెవరిచ్చారు? వాక్‌ స్వేచ్ఛకు అడ్డొచ్చే చట్టం కాంగ్రెస్ చెయ్యరాదని 1791లో మీ దేశంవాళ్ళు రాజ్యాంగానికి సవరణ తెచ్చుకున్నారు. ఏడేళ్ళు నిండకుండానే, 1798 జూలై 14న, మీరు సెడిషన్ చట్టం మీద సంతకం పెట్టి ఒక్కో మాటకు 2000 డాలర్ల దాకా, రెండేళ్ళ జైలు దాకా ధర కట్టారు.

ప్రభుత్వాన్నీ, కాంగ్రెస్‌నీ, అధ్యక్షుణ్ణీ దూషించరాదన్నారు. ఉపాధ్యక్షుడి ఊసు మాత్రం ఎత్తలేదు. ఆ కుర్చీలో మీ ప్రత్యర్థి జెఫర్సన్ ఉన్నాడు గనకే అని గిట్టనివాళ్ళంటారు. జనం తిట్టుకోవడానికి ఒక్కడినైనా మిగిల్చిన మీ దయ వాళ్ళకేం తెలుసు?

అన్నమాట నిజమని రుజువు చేసుకుంటే శిక్ష లేదన్నారు. ఎంత న్యాయం! ఫలానా పెద్దమనిషికి డాబెక్కువ అన్నవాడు సాక్ష్యాధారాలు పట్టుకొస్తే సరిపోతుంది.

నెవార్క్‌లో మీ గౌరవార్థం ఫిరంగులు పేల్చారు. తాగిన మైకంలో లూథర్ బాల్డ్విన్ అనేవాడు, ఆ గుండు మీ పిరుదుల్లో దిగినా తనకేం పట్టదన్నాడు. తెల్లారితే అన్నవాడికే గుర్తుండని మాట. 150 డాలర్ల జరిమానా వేయించి దాన్ని చరిత్రకెక్కించారు. మీ వెనుకభాగానికి ఇంత శాశ్వత కీర్తి ఏ ఆస్థానకవి తేగలడు?

ఈ చట్టంతో కేంద్రం హద్దు మీరిందని కెంటకీ, వర్జీనియా శాసనసభలు తీర్మానించాయి. ఆ తీర్మానాలు రాసిన జెఫర్సన్, మాడిసన్ తమ పేర్లు దాచుకున్నారు. సాక్షాత్తూ ఉపాధ్యక్షుడే చాటుగా కలం పట్టేంత భయభక్తులు నెలకొల్పారు!

వెర్మాంట్ కాంగ్రెస్ సభ్యుడు మాథ్యూ లయన్ మీకు ఆడంబరమన్నా, పొగడ్తలన్నా మహా మోజని రాశాడు. నాలుగు నెలల జైలు, 1000 డాలర్ల జరిమానా పడ్డాయి. జైల్లో ఉండగానే ఓటర్లు అతన్ని మళ్ళీ గెలిపించారు. ప్రత్యర్థికి ఇంత ఘనంగా ఎన్నికల ప్రచారం చేసిపెట్టే మంచి మనసు ఎవరికుంటుంది?

చట్టానికి గడువు 1801 మార్చి 3 అని ముందే రాసిపెట్టారు. అది మీ పదవీకాలం ముగిసే ముందురోజు. 1800 ఎన్నికల్లో ఓడి కుర్చీని జెఫర్సన్‌కు అప్పగించారు గానీ, ఆ కవచాన్ని మాత్రం అప్పగించలేదు. ఎదుటివాడి సహనం మీద ఎంత నమ్మకం!

లయన్ మాట నిజమైతే మీ చట్టం ప్రకారమే అతనికి శిక్ష తప్పేది. తప్పలేదు గనక పొగడ్తలంటే మీకు మోజు లేదని న్యాయస్థానమే తేల్చింది. ఇంత పొగిడినా మీరు పొంగిపోరన్న ధైర్యం నాకు అక్కడే వచ్చింది.