ఒకే టికెట్టుతో రేవులో మిగిలిపోవడం ఎలా?

లండన్ నుంచి డబ్లిన్‌కి విమానంలో గంటన్నర కూడా పట్టదు. అందులో నేర్చుకోవడానికేమీ లేదు. అందుకే ఇంగ్లండ్‌లో చదువుకుంటూ ఓ నాలుగు రోజులు సెలవు దొరికిన మన పిల్లలకు సెయిల్‌రైల్ టికెట్టుని గట్టిగా సిఫారసు చేస్తున్నాం. యూస్టన్ స్టేషన్‌లో రైలెక్కి వేల్స్ కొసన హోలీహెడ్‌లో దిగాలి, అక్కడ ఓడెక్కితే మూడుంబావు గంటల్లో ఐర్లాండ్. రెండింటికీ కలిపి ఒకటే టికెట్టు. దాన్ని సక్రమంగా వాడుకోవడం ఎవరికైనా చేతనవుతుంది. చేతిలో టికెట్టుండగా రేవులో మిగిలిపోవడానికే కాస్త సాధన కావాలి.

ముందు తేదీ సంగతి చూద్దాం. హోలీహెడ్ నుంచి రాత్రి రెండున్నర ప్రాంతంలో ఓడలు బయల్దేరతాయి. శుక్రవారం సాయంత్రం కాలేజీ అయ్యాక రైలెక్కి ఆ ఓడ అందుకుందామనుకుంటే, బుకింగ్‌లో ఓడకి కూడా శుక్రవారమే నొక్కండి. మీరు సంచి సర్దుకునే వేళకి మీ ఓడ డబ్లిన్ వెళ్ళి, సరుకు దించుకుని, ఇంకో ట్రిప్పు కూడా వేసి ఉంటుంది. ఈ విద్యలో మనవాళ్ళకి తరతరాల అనుభవం ఉంది. రాత్రి 12 దాటిన పావుగంటకొచ్చే రైలుకి ముందురోజు తేదీతో రిజర్వేషన్ చేయించి, బెర్తు మీద పడుకున్నవాళ్ళని లేపి, టీసీతో వాదించిన కుటుంబం ఏ ఊళ్ళోనైనా ఒకటుంటుంది. ఆ ప్రజ్ఞని సముద్రం మీద కూడా చూపించే అవకాశమిది.

తేదీ సరిగ్గానే పడిందా? నిరాశపడకండి. హోలీహెడ్ నుంచి డబ్లిన్‌కి స్టెనా లైన్ ఓడలున్నాయి, ఐరిష్ ఫెర్రీస్ ఓడలున్నాయి. రెండు కంపెనీలవీ చాలాసార్లు కాస్త అటూ ఇటూగా ఒకే వేళకి కదులుతాయి. రేవు అదే, నీళ్ళవే, దిగేదీ ఆ డబ్లిన్‌లోనే, కాబట్టి ఏ ఓడైతే ఏమిటని విశాల హృదయంతో ఆలోచించండి. కౌంటర్లో అమ్మాయి మాత్రం మీ టికెట్టు మీదున్న ఓడ పేరూ టైమూ చదివి, పక్క లైను చూపిస్తుంది. సామెతలో ఏరు దాటాకే బోడి మల్లయ్య. ఇక్కడ ఏరు దాటక ముందే అయిపోవచ్చు.

రైలు ఎంచుకునేటప్పుడు ఓడకి సరిగ్గా పావుగంట ముందు చేరేది చూసుకోండి. ఓడ బయల్దేరడానికి అరగంట ముందే చెకిన్ మూసేస్తారన్న నియమం ఉన్నది ఇతరుల కోసం. 400 కిలోమీటర్లకు పైచిలుకు దూరం, మధ్యలో క్రూలోనో చెస్టర్‌లోనో మారడం, ఆపైన ఎక్కడో సిగ్నల్ చెడిపోవడం... వీటిలో ఏదో ఒకటి మీకు సాయపడకపోదు.

ఓడ తప్పాక అసలు ఘట్టం మొదలవుతుంది: ఎవర్ని అడగాలి? ఒకప్పుడు ఈ ప్రశ్నే లేదు. రైళ్ళూ, సీలింక్ ఓడలూ బ్రిటిష్ రైల్‌వే. 1984లో ఓడలు అమ్మేశారు, 90ల్లో రైళ్ళు తలా కొంత పంచేశారు. ఉమ్మడి ఇల్లు పంపకాలయ్యాక ఉమ్మడిగా మిగిలిన పెరటి బావి ఈ టికెట్టు. అందరూ తోడుకుంటారు, పూడిక తీయమంటే ఎవరూ పలకరు. రైలువాళ్ళు ఓడవాళ్ళని అడగమంటారు, ఓడవాళ్ళు రైలు ఆలస్యమైనట్టు కాగితం తెమ్మంటారు. ఆ కాగితం రైల్లో గార్డునడిగి రాయించుకోవాలని తోచేవాళ్ళు ఈ వ్యాసం చదవనక్కర్లేదు.

ఓడే ఆలస్యమైతే చట్టం మీవైపే ఉంటుంది, కొంతదూరం. నాలుగు గంటల్లోపు ప్రయాణానికి గంట ఆలస్యంగా చేరిస్తే టికెట్టు ధరలో 25 శాతం, రెండు గంటలు దాటితే సగం పరిహారం. వాతావరణం వల్లయితే ఇవ్వక్కర్లేదు. ఐరిష్ సముద్రంలో వాతావరణానికి కొదవా? 2024 డిసెంబర్‌లో డారా తుపాను రోజుల్లో హోలీహెడ్ రేవే దెబ్బతిని, క్రిస్మస్ రద్దీ అంతా గడిచాక 2025 జనవరి 16న గానీ పాక్షికంగా తెరుచుకోలేదు. ఇక పరిహారం లెక్క కట్టాలన్నా, ఒకే ధరలో ఓడ వాటా ఎంతో రైలు వాటా ఎంతో మీకు తెలియదు. దరఖాస్తులో ఆ గడి మాత్రం ఖాళీగా వదలకూడదు.

ఈ పాఠాలు పూర్తి చేసినవారికి స్కాట్లాండ్ దారి ఉంది. బెల్‌ఫాస్ట్ వెళ్ళాలంటే స్ట్రాన్‌రార్ దాకా రైల్లో వెళ్ళండి. రైలు మిమ్మల్ని నేరుగా రేవు గట్టు మీదే దించుతుంది, సముద్రం కూడా ఎదురుగానే ఉంటుంది. లేనిదల్లా ఓడ. 2011 నవంబర్‌లో అది కెయిర్న్‌రయన్‌కి మారిపోయింది, అక్కడ రైల్వేస్టేషన్ లేదు. కలిపి టికెట్టు కొన్న తెలివైనవాళ్ళు ముందే ఎయిర్ అనే ఊళ్ళో దిగి బస్సెక్కుతారు.

ఇంతా చేసి డబ్లిన్ పోర్టులో దిగితే, పట్నంలోకి రైలుండదు. బస్సుకి మళ్ళీ డబ్బులివ్వాలి. అది పెద్ద విషయం కాదు.

పెద్ద విషయం ఇంకొకటుంది. టికెట్టు చెల్లినంత మాత్రాన మనిషి చెల్లాలని లేదు. బ్రిటన్ స్టూడెంట్ వీసా ఐర్లాండ్‌లో పనికిరాదు. విచిత్రమేమిటంటే, మిమ్మల్ని చూడ్డానికి వచ్చిన అమ్మానాన్నల విజిట్ వీసా మీద బీఐవీఎస్ (బ్రిటిష్-ఐరిష్ వీసా పథకం) అన్న అక్షరాలుంటే, ముందు బ్రిటన్‌లో దిగారు కాబట్టి వాళ్ళు అదే వీసాతో డబ్లిన్ చూసి రావచ్చు. దారి చూపిస్తానని బయల్దేరిన కొడుకే ఆగిపోతాడు. భారత పాస్‌పోర్టుతో చదువుకుంటున్నవాళ్ళు ఐర్లాండ్ వీసాకి విడిగా దరఖాస్తు పెట్టుకోండి, అది చేతికొచ్చాకే టికెట్టు కొనండి.