‘పాత కట్టె’ సూక్తానికి టీకా తాత్పర్యం

అవతారిక

కొలిచెలమ మల్లినాథ సూరి మన మెతుకు సీమ వాడు. కాళిదాసు మీద కలం పట్టే ముందు రెండు ఒట్లు పెట్టుకున్నాడు: ఆధారం లేనిది రాయనని, అక్కర లేనిది చెప్పనని. ఈ టీకాకారుడు మొదటి ఒట్టు వరకే ఆయన శిష్యుడు. రెండోదానికి పూచీ లేదు.

ఇక్కడ వ్యాఖ్యానానికి తీసుకున్నది కావ్యమూ కాదు, శాసనమూ కాదు. వరంగల్ కాశిబుగ్గలో మా పాతిల్లు పంపకాలకొచ్చింది. అన్నదమ్ములం అపార్ట్‌మెంట్ల పాలయ్యాం. తాత పడుకున్న పందిరి మంచం కోడు మా లిఫ్టుల్లో నిలువునా పట్టదు. కనుక అమ్మకం అనివార్యమని సిద్ధాంతం. కబురందుకున్న పాత సామాన్ల వ్యాపారి ఒకాయన వచ్చాడు. చెప్పులు విప్పలేదు. మంచం చుట్టూ అప్రదక్షిణంగా ఒకసారి తిరిగాడు, కోడును వేలి కణుపుతో కొట్టాడు, కళ్లు సగం మూసి, ఋషి మంత్రాన్ని దర్శించినట్టు పలికాడు.

మూలం

“ఏమున్నది సార్ గిండ్ల? అంత పాత కట్టె. పురుగు వట్టింది. మనోళ్లని తీస్కపోత, కిరాయి నాకే పడ్తది.”

దీని వెంటనే ‘తొమ్మిది వేలు’ అనే ఫలశ్రుతి కూడా వినిపించింది.

ఛందస్సు

గణ విభజనకు లొంగదు. యతి ఉంది, పాన్ నమలడానికి ఆగినచోట. ప్రాస లేదు, ప్రయాస మాది.

టీక

‘పాత’, ‘కట్టె’ అనేవి సులభాలు కనుక విడిచిపెట్టాం. ‘సార్’ సంబోధనా ప్రథమ. బేరం కుదిరేదాకా నిలిచి ఉంటుంది, కుదరకపోతే లోపిస్తుంది. కష్టమంతా ‘పురుగు వట్టింది’ దగ్గరే ఉంది. పూర్వులు కూడా ఇక్కడే ఆగారు.

ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో మంచాలకూ ఆసనాలకూ ఏకంగా ఒక అధ్యాయం కేటాయించాడు. భట్టోత్పలుడు దానికి వివరణ రాశాడు. మంచం వేసే ముందు చెట్టు ఎట్లా చచ్చిందో విచారించాలట. పిడుగు పడి కూలింది, ఏనుగు తోసింది, వరద కొట్టుకొచ్చింది, శ్మశానంలో మొలిచింది, తేనెపట్టో పక్షి గూడో ఉన్నది పనికిరావు. టేకు మంచిదే. ఆయన దాన్ని శాకమన్నాడు, కల్యాణప్రదమన్నాడు. కొలత అంగుళాల్లో. పొట్టు తీసిన ఎనిమిది యవల గింజలు పక్కపక్కన పేరిస్తే ఒక అంగుళం. రాజు మంచం నూరంగుళాలు, యువరాజుది తొంభై, మంత్రిది ఎనభై నాలుగు, సేనాపతిది డెబ్బై ఎనిమిది, పురోహితుడిది డెబ్బై రెండు. జీతం తగ్గినకొద్దీ కాళ్లు ముడుచుకోవాలని భావం.

ఒకే చెట్టు కర్రతో చేసిన మంచం ధన్యం, రెండింటిదైతే మరీ ధన్యం, మూడింటితో సంతానవృద్ధి, నాలుగింటితో ధనమూ యశస్సూ. అయిదు రకాల చెట్లు కలిస్తే మాత్రం పడుకున్నవాడికి పంచత్వమే. ఇప్పుడు షోరూముల్లో దొరికే పార్టికల్ బోర్డు మంచంలో ఎన్ని చెట్ల పొట్టు కలిసిందో పైవాడికే తెలియాలి. అయినా వాయిదాలు తీరేదాకా మనిషి బతికే ఉంటున్నాడు.

ఇక రంధ్రాలు. ఆచార్యుడు వీటిని ఆరుగా విభజించాడు. మూతి ఇరుకై లోపల కుండలా గుల్లగా ఉన్నది నిష్కుటం. చిక్కుడు గింజంతో మినుపగింజంతో ఉండి నీలంగా కనిపించేది కోలాక్షం. ఎగుడుదిగుడై రంగు మారింది సూకరనయనం, అంటే పంది కన్ను. ఎడమవైపు తిరిగి చీలింది వత్సనాభం. నల్లనిది కాలకం, అవతలికి పొడుచుకుపోయింది ధుంధుకం. ఫలాలు కూడా చెప్పాడు. నిష్కుటానికి ద్రవ్యక్షయం, కోలాక్షానికి కులనాశనం, పంది కంటికి ఆయుధభయం, వత్సనాభానికి రోగభయం. పురుగు తొలిచిన బెజ్జం ఎట్లున్నా శుభం కాదన్నాడు.

ద్రవ్యక్షయం ఎవరికన్నది మాత్రం ఆచార్యుడు చెప్పలేదు. ఈ లోపాన్ని మన వ్యాపారి పూరించాడు. స్క్రూడ్రైవర్ కొనను బెజ్జంలోకి దూర్చి తల అడ్డంగా ఊపినప్పుడు అది అమ్మేవాడికేనని స్పష్టమైంది.

ప్రకృతమనుసరామః. మంచం కింద దూరి చూశాం. బెజ్జాలున్నది పట్టె అంచున మిగిలిపోయిన తెల్లచెక్కలో. చేవలోకి ఒక్కటీ దిగలేదు. టేకు చేవలో టెక్టోక్వినోన్ అనే పదార్థం ఉంటుంది, అది చెదకు సరిపడదు. తెల్లచెక్కలో అది తక్కువ, పురుగుకు తిండి ఎక్కువ. పైగా మా బెజ్జాల అంచులు నల్లబడి ఉన్నాయి, కింద నేల మీద పొడి రాలలేదు. లోపల పురుగుంటే తెల్లటి పొడి రాలుతూనే ఉంటుంది. ఈ పురుగు ఎప్పుడో పోయింది. దాని పేరు చెప్పి ధర తగ్గించడం పోయినవాడి వేలిముద్ర వేయించుకోవడం వంటిది.

‘మనోళ్లని’: ఇది హేతువు. మనవాళ్లు కాకపోతే పదివేలు ఇచ్చేవాడని అర్థాపత్తి.

అలంకారం

వ్యాజస్తుతి. పైకి నింద, లోపల స్తుతి. కొనదలచిన వస్తువునే తెగనాడటం దీని ప్రాణం. ‘ఏమున్నది’ అన్న ప్రశ్నకు ‘చాలా ఉన్నది’ అనేది వ్యంగ్యార్థం. ఆనందవర్ధనుడు బతికి ఉంటే దీన్ని ధ్వని కావ్యంలో చేర్చేవాడు.

పాఠాంతరం

ఈ సూక్తానికి రెండు ప్రతులున్నాయి. పైది గడప ప్రతి. దుకాణ ప్రతిలో పాఠం వేరు: “నిజాం కాలం నాటిది సార్, అసలు టేకు, గిట్లాంటియి ఇగ దొరకయి.” గడప ప్రతిలోని పురుగు దుకాణ ప్రతిలో కనిపించదు, లేఖక దోషం కావచ్చు. నిజాం కాలమంటే 1724 నుంచి 1948 సెప్టెంబరు దాకా, మొత్తం 224 ఏళ్లు. ఇందులో ఏ మూలనైనా ఆ మంచాన్ని నిలబెట్టవచ్చు. 1972 నాటి పురావస్తువుల చట్టం ఇంత ఉదారంగా లేదు. పనితనం గల వస్తువుకు వందేళ్లు నిండాలంటుంది, అలాంటివి అమ్మే వ్యాపారికి లైసెన్సు ఉండాలంటుంది, ప్రైవేటు వ్యక్తులు వాటిని దేశం దాటించకూడదంటుంది. మా మంచానికి మొదటి నుంచీ ఉన్న మరలన్నీ ఒంటి గీతవి. తర్వాతి మరమ్మతులో పడిన రెండు మాత్రం ప్లస్ గుర్తువి. అమెరికాలో ఆ రకం మర 1930ల నడుమ బయటికొచ్చింది. మరమ్మతు అంతకు ముందుది కాదన్నమాట. మంచం వయసు గురించి ఇంతకంటే ఎక్కువ చెప్పేవాడు చరిత్రకారుడో అబద్ధాలకోరో కావాలి.

విశేషాంశం

టీక ఇంతవరకు గంభీరంగా నడిచింది, ఇక నా వల్ల కాదు. తొమ్మిది వేలు! నాలుగంగుళాల చదరం, ఏడడుగుల పొడుగున్న కోడును లెక్క వేద్దాం. పొడుగు అడుగుల్లో, వెడల్పూ మందమూ అంగుళాల్లో గుణించి 144తో భాగిస్తే సీఎఫ్‌టీ వస్తుంది. ఒక కోడు ముప్పాతిక దాటుతుంది, నాలుగు కోళ్లు కలిసి మూడు దాటుతాయి. పట్టెలు, పలకలు, పైన పందిరి చట్రం వేరు. చెక్కిన పువ్వులకూ, మేకు లేకుండా కుసులూ బెజ్జాలతో కూర్చిన పనికీ పైసా కట్టకపోయినా, ఉత్త కట్టెగా డిపోలో అడిగిన ధర ఆయన మాటను దాటిపోయింది. పాత కట్టె అన్నవాడు కట్టె ధరైనా ఇవ్వాలి కదా! వెల కట్టేవాడూ కొనేవాడూ ఒక్కడే అయినప్పుడు వాడి నోట ఏ శాస్త్రం పలికినా అది వాడి పర్సు శాస్త్రమే.

కాశిబుగ్గ దాటి కొద్ది దూరం పోతే ఎనుమాముల మార్కెట్ యార్డు. అక్కడ మిర్చికి పొద్దున జెండా పాట పాడతారు. మేలైన రాశికి ఆ రోజు పలికిన పై ధర అదే. తర్వాత మిగతా రాశులకు తేమ అనీ తాలు అనీ కోతలు పెడతారని, జెండా ధర అందరికీ దక్కదని రైతులు గోల పెడుతూనే ఉంటారు, అది నిజమే. అయినా ఒకే రాశి ముందు పదిమంది నిలబడి చూస్తారు. మా మంచానికి ఆ పాటి భాగ్యం కూడా లేదు.

ఈ న్యాయం పట్టుకొచ్చింది మా వదినె. మిర్చి పండించిన ఇంటి బిడ్డ. “ఒక్కొక్కన్ని ఒక్కో దినం పిలుస్తె ఒక్కొక్కడు ఒక్కో కథ చెప్తడు తమ్మీ. అందర్ని ఒక్క పొద్దుగాల్నే పిలువు” అన్నది. మంచానికి వార్నిష్ కొట్టించి మెరిపిద్దామన్న మా అన్న చేతిలో డబ్బా ఆమే లాక్కుంది. గీకేసిన పాత నునుపు మళ్లీ రాదు, పాతదనం కోసం వచ్చేవాడు ముందు చూసేది దాన్నే.

పిలిచాం. డిపో మనిషి టేపుతో వచ్చాడు. పాత ఫర్నిచర్ బాగుచేసే వడ్రంగి ఉత్త చేతులతో వచ్చాడు. హోటళ్లకు పాత సామాను సమకూర్చే హైదరాబాద్ ఆయన టార్చి లైటుతో వచ్చి, ఏమీ మాట్లాడకుండా మంచం కింద పడుకుని అతుకులు చూశాడు. మన ద్రష్ట కూడా వచ్చాడు. అంతమంది ముందు ఆయనకు పురుగు కనిపించలేదు. ఒక్కొక్కరు తమ ధరను విడివిడిగా చీటీ మీద రాసి వదినె చేతికిచ్చారు. మంచం హైదరాబాద్ పోయింది, కిరాయి వాళ్లదే. పలికిన ధర తొమ్మిది వేలకు మూడింతలకు కొంచెం తక్కువ. డిపో చీటీ కంటే అది ఎక్కువైనంత మేరకు పువ్వుల పనికి వెల దక్కిందనుకున్నాం.

తాత సందుగ ఇంకా మూలనే ఉంది. ఇత్తడి కట్లది, మూత ఇద్దరు పడితే గాని లేవదు. దాని మీద వేరే వ్యాఖ్యానం రాయాల్సి వచ్చేది. కానీ ద్రష్ట పోతూ పోతూ దాని దగ్గర ఆగాడు. ‘ఏమున్నది’ అనలేదు. గొంతు తగ్గించి, “దీని తాళం చెవి ఉన్నదా అమ్మా?” అన్నాడు.

“ముందుగాల ధర చెప్పు” అన్నది వదినె.