పరువు మాత్ర, పూటకొకటి

మన ఇళ్లలో ఒకరి మనసు బాగోలేకపోతే ముందుగా మంచం పట్టేది ఇంటి పరువు. కాబట్టి వైద్యమంతా దానికే. మనిషి నిద్రపోయాడా, నాలుగు మెతుకులు తిన్నాడా అన్నది తర్వాతి సంగతి. ఎదురింటివాళ్లకు తెలిసిందా లేదా అన్నది మొదటి పరీక్ష. తెలియలేదంటే రిపోర్టు నార్మల్.

ఈ వైద్యంలో మనవాళ్ల హస్తవాసి సామాన్యమైనది కాదు. 2015-16లో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్ వాళ్లు 12 రాష్ట్రాల్లో సర్వే చేశారు. పెద్దవాళ్లలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారనీ, వాళ్లలో 80 శాతానికి పైగా మందికి చికిత్స అందడం లేదనీ తేల్చారు. చికిత్స అందడం లేదట! ఎంత మాటన్నారు. పెద్దమ్మ అంత్రం కట్టింది, ఆరెంపీ సూది వేశాడు, బాబాయి జాతకం చూపించాడు, మేనమామ ‘మనసు గట్టి చేసుకోవాలిరా’ అని గంటసేపు క్లాసు పీకాడు. ఇవేవీ లెక్కలో వేసుకోకపోతే తప్పెవరిది?

నలభై ఏళ్ల గృహస్థు అర్ధరాత్రి ఉలిక్కిపడి లేస్తాడు. గుండె దడదడ, చేతుల నిండా చెమట, ఊపిరాడదు, ఇక పోతున్నానన్న భయం. అరగంటలో అంతా సర్దుకుంటుంది. ఈసీజీ నార్మల్. టూడీ ఎకో నార్మల్. వారం తిరక్కుండా మళ్లీ దడ, మళ్లీ ఈసీజీ, మళ్లీ నార్మల్. ‘ప్యానిక్ ఎటాక్ అయ్యుండొచ్చు’ అని కుర్ర డాక్టరు నోరు జారతాడు. ఇంటిల్లిపాదీ చూసిన చూపుకు జడిసి ‘గ్యాసేలెండి’ అని దిద్దుకుంటాడు. హమ్మయ్య. గ్యాస్ ఎంత మర్యాదస్తుల జబ్బు! పెళ్లిబంతిలో పక్కవాడికి కూడా చెప్పుకోవచ్చు.

అదే దడ ఆడమనిషికొస్తే నరాల బలహీనత. దానికి మందు ఆరెంపీ గదిలో పచ్చగా వేలాడుతూ ఉంటుంది. సెలైన్‌లో బీకాంప్లెక్స్ కలిపితే వచ్చే ఆ పసుపు రంగు చూస్తేనే ఇచ్చిన డబ్బుకు న్యాయం జరిగినట్టుంటుంది. సీసా ఖాళీ అవుతుంది, ఏడుపు అవదు. నిద్ర పట్టడం లేదంటే మందులషాపు అబ్బాయి చీటీ అడక్కుండానే ఆల్ప్రాజోలం చేతిలో పెడతాడు. మొదటి వారం అమృతం. కొన్ని నెలలకు అది లేనిదే కన్ను మూతపడదు. ఒక్కసారిగా మానేస్తే వణుకు, కొందరికి ఫిట్స్ కూడా. విచిత్రమేమిటంటే, వ్యసనంగా మారగల ఈ మాత్రను కళ్లు మూసుకుని మింగినవాళ్లే, డాక్టరు డిప్రెషన్‌కు సెర్ట్రాలిన్ రాస్తే ‘బాబోయ్, జన్మంతా అలవాటైపోతుందట’ అని చీటీని సొరుగులో దాస్తారు. అది మత్తుమందు కాదు మహాప్రభో.

ఇక మన దివ్యౌషధం, పెళ్లి.

ఇరవై రెండేళ్ల కుర్రాడు తనలో తాను మాట్లాడుకుంటున్నాడు. ఎవరికీ వినపడని గొంతులు వాడికి వినపడుతున్నాయి. స్నానం మానేశాడు, అన్నంలో ఏదో కలిపారంటున్నాడు. స్కిజోఫ్రీనియా తరచుగా బయటపడే వయసే అది. మందులు ఎంత త్వరగా మొదలైతే అంత మేలు. మనవాళ్లు ఆలస్యం చేస్తారా, వెంటనే సంబంధాలు చూడ్డం మొదలుపెడతారు. ‘ఓ ఇంటివాడైతే వాడే దారికొస్తాడు.’ మోతాదు: ఒక పిల్ల. గుణం కనపడకపోతే ఒక బిడ్డ. బిడ్డతోనూ నయం కాకపోతే పిల్ల జాతకంలో దోషం, పెళ్లి చేసినవాళ్ల తప్పేమీ లేదు.

మధ్యలో ఏ పుణ్యాత్ముడో సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లి, మందులు పనిచేసి, కుర్రాడు తేరుకుని ఉద్యోగంలో కుదురుకున్నాడో, అది ఇంకా పెద్ద గండం. ఇప్పుడు సంబంధం నిజంగానే కుదురుతుంది. లగ్నపత్రిక రాసుకున్న నాడే మాత్రలు బంద్. కోడలు బీరువా తెరిస్తే? వియ్యపురాలి కంట పడితే? మందు మానగానే జబ్బు తలుపు తట్టదు, చాలాసార్లు కొన్ని నెలలు మర్యాదగా ఆగుతుంది. ఆషాఢానికి పుట్టింటికెళ్లిన పిల్ల శ్రావణంలో తిరిగొచ్చేసరికి, ఆ గొంతులు ఆమెకంటే ముందే వచ్చి కూర్చుని ఉంటాయి. అప్పుడు లాయరు ప్రవేశిస్తాడు. పెళ్లికి తగనంతటి మానసిక రుగ్మత ఉంటే ఆ పెళ్లిని రద్దు చేయించుకోవచ్చని 1955 నాటి హిందూ వివాహ చట్టంలోనే ఉంది. అంటే ఏ జబ్బుకు మనం పెళ్లిని మందుగా రాశామో, ఆ జబ్బే ఆ పెళ్లిని కొట్టేయించగలదు. కొడుక్కయితే ఇంత కథ. జబ్బు కూతురిదైతే కోర్టుదాకా కూడా పోదు, పిల్లను తెచ్చి దింపిపోతారు. లాంఛనాలు మాత్రం వెనక్కి రావు.

ఆస్పత్రికి వెళ్లొచ్చు కదా అంటారా? ఎక్కడికి, హైదరాబాదు ఎర్రగడ్డకా? ఆ పేరు మనకు ఊరి పేరు కాదు, తిట్టు. విశాఖ వాళ్లకు చినవాల్తేరు ఉంది. అక్కడ ఓపీలో చూపించుకుని చీటీ రాయించుకుని సాయంత్రానికి ఇంటికొచ్చే మనుషులుంటారని ఎవరికీ తట్టదు, గేటు దాటితే ఇక తిరిగి రారన్నట్టు మాట్లాడతారు. అదృష్టవశాత్తూ ఎర్రగడ్డలో రైతు బజారు కూడా ఉంది. చేతిలో ఓ సంచీ, సంచీలో రెండు సొరకాయలు పెట్టుకుంటే మెట్రోలో ఎవరు పలకరించినా గండం గట్టెక్కుతుంది. సొరకాయల అడుగున మాత్రలు.

షాక్ ట్రీట్‌మెంట్ గురించి మనకు తెలిసిందంతా సినిమావాళ్లు చెప్పిందే: నలుగురు గట్టిగా పట్టుకుంటారు, హీరో కేక పెడతాడు. నిజానికి 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం మత్తు ఇవ్వకుండా ఆ చికిత్స చేయడాన్ని నిషేధించింది. మందులకు లొంగని తీవ్రమైన డిప్రెషన్‌లో అది ప్రాణం నిలబెట్టే చికిత్స. కానీ తెర మీద నిద్రపోతున్న హీరోని చూడ్డానికి టికెట్ ఎవరు కొంటారు?

పరువు వైద్యం చివరి మెట్టు గొలుసు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, మానసిక రోగులను ఉంచిన ఓ పాకకు తెల్లవారుజామున నిప్పంటుకుంది. గొలుసులతో కట్టేసి ఉన్నవాళ్లు పరుగెత్తలేకపోయారు. 28 మంది చనిపోయారు. వాళ్లను అక్కడ దింపినవాళ్లు అయినవాళ్లే. ఇక్కడ వ్యంగ్యానికి పని లేదు.

సర్కారు వారూ తమ పరువు కాపాడుకుంటున్నారు. లక్షమందికి ఒక్క సైకియాట్రిస్టు కూడా లేని దేశంలో, కేంద్ర ఆరోగ్య బడ్జెట్‌లో మనసుకు దక్కేది నూటికి సుమారు ఒక రూపాయి. 2017 నాటి ఆ మానసిక ఆరోగ్య చట్టమే ఒంటి జబ్బులతో సమానంగా మానసిక జబ్బుకూ బీమా ఇవ్వాలని కంపెనీలకు చెప్పింది. భేష్. క్లెయిము కావాలంటే మాత్రం జబ్బు పేరు రాయాలి, ఆ కాగితం ఆఫీసు హెచ్చార్ బల్ల మీదుగా పోవచ్చు. మనం రాస్తామా? గ్యాస్ అని రాస్తాం.

ఇంత కట్టుదిట్టంలోనూ దారి తప్పి డాక్టరు దగ్గరికి చేరినవాడికి ఏం జరుగుతుంది? చాలా చప్పటి వ్యవహారం. నిద్రెలా ఉంది, ఆకలెలా ఉంది, ఇష్టమైన పనుల మీద మనసు పోతోందా, ఇలా రెండు వారాలకు పైగా ఉందా, చనిపోవాలనిపిస్తోందా అని అడుగుతారు. థైరాయిడ్ పరీక్ష రాయొచ్చు. మందిస్తే గుణం కనపడటానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుందంటారు. తగ్గాక కూడా కనీసం ఆరు నెలలు వాడమంటారు, మానేటప్పుడు నెమ్మదిగా తగ్గిస్తారు. చేతులు కడిగిందే కడుగుతూ ఉండే ఓసీడీ మనిషికి, కడగకుండా ఆ భయాన్ని ఓర్చుకోవడం మెట్టుమెట్టుగా నేర్పిస్తారు. బైపోలార్‌కు లిథియం, 1949లో ఆస్ట్రేలియా డాక్టరు జాన్ కేడ్ లోకానికి చూపించిన లవణం, ఇప్పటికీ రక్తపరీక్షలు చేయిస్తూ ఇస్తున్నారు. నిమ్మకాయల్లేవు, పొగ లేదు, పూనకం లేదు. చుట్టాలకు ఇందులో చేయడానికి పనే లేదు. బహుశా అందుకే వాళ్లకు నచ్చదు.

2022 అక్టోబరు నుంచి టెలిమానస్ అని మనసు గోడు వినే సర్కారు నంబరొకటి ఉంది, 14416. డబ్బు తీసుకోరు, ఏ వేళకు చేసినా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. మీరు ఓ పావుగంట మాట్లాడుతుంటే ఇంట్లోవాళ్లు ‘ఎవరితోరా అంతసేపు?’ అంటారు. లోన్ రికవరీ వాళ్లని చెప్పండి. అప్పంటే మనవాళ్లకు చిన్నచూపేమీ లేదు.